నాలుగో ప్రకటన

మా గుడిలో ప్రకటనలు చదివే పని నాకు వచ్చింది నా గొంతు బాగుందని కాదు. మా పాస్టరు అయ్యగారి కళ్లకు శుక్లాలు వచ్చాయి. సంఘ పెద్దల్లో చదువొచ్చిన ఇద్దరికీ పెళ్లాం పిల్లలున్నారు, నాకెవరూ లేరు. పెళ్లికాని ఆడమనిషికి ఆదివారం పూట ఇంట్లో ఏం పని ఉంటుంది? అందుకని సండే స్కూలు నాది, ప్రభువు బల్ల మీద పూలు నావి, స్త్రీల సమాజం ఉత్తరాలు నావి, పాత పుస్తకాల బీరువా తాళంచెవి నాది. మిగిలిన ఆరు రోజులూ కూకట్‌పల్లి మిషన్ బడిలో రెండో తరగతి పిల్లలతో అరుపులు. ఇంత చాకిరీ చేయించుకుని, ఏడాదికొకసారి మీటింగులో నా భుజం తట్టి, "ఒంటరితనం దేవుడిచ్చిన వరమమ్మా నీలమ్మా" అనేవారు. ఇచ్చే ముందు నన్నొక మాట అడగాలని ఎవరికీ తోచలేదు.

నిజం చెప్పాలంటే నాకూ తోచలేదు. నా సంగతి వేరని చిన్నప్పటి నుంచీ విన్నాను.

మా సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. పెద్ద జబ్బు చేసి బతికిన బిడ్డను పంటల పండుగ నాడు చాటలో పెట్టి, గుమ్మడికాయల పక్కన, జొన్న కంకుల పక్కన, బల్ల ముందు ఉంచుతారు. అప్పటికి బిడ్డ దేవుడిదైనట్టు. తర్వాత తల్లిదండ్రులు కోడినో మేకనో గంపెడు జొన్నలనో తెచ్చి, "మా బిడ్డను మాకియ్యుండ్రి" అని మూడుసార్లు అడుగుతారు. అయ్యగారు బిడ్డను ఎత్తి వాళ్ల చేతుల్లో పెడతాడు. దీన్నే విడిపించుకోవడం అంటారు. విడిపించకుండా వదిలేస్తే ఆ బిడ్డ జీవితాంతం గుడిదే. మగపిల్లవాడు బోధకుడవుతాడు, ఆడపిల్లకు పెళ్లి ఉండదు.

మూడో ఏట నాకు మశూచి వచ్చింది. నాకు ముందు పుట్టిన ఇద్దరూ దానితోనే పోయారు. నేను బతికాను. నన్నూ చాటలో కూర్చోబెట్టారట, విడిపించలేదట. ఇది మా అమ్మ చంద్రమ్మ చెప్పిన మాట. మా నాయన పెంటయ్య నాకు తొమ్మిదేళ్లప్పుడు పోయాడు. ఆయనైతే ఏం చెప్పేవాడో నాకు తెలియదు.

డెబ్బయ్యారు వానాకాలంలో గుడి గంట నాలుక ఊడి పడింది. బాగుచేస్తానని ముందుకొచ్చినాయన పేరు బుల్లిబాబు. పేరుకే బుల్లి, మనిషి ఆరడుగులు. కోనసీమ మనిషి, జీడిమెట్లలో కొత్తగా లేచిన ఒక షెడ్డులో ఫిట్టరు. కూకట్‌పల్లిలో కిరాయి గది తీసుకుని, పనికి సైకిల్ మీద పోయి వచ్చేవాడు. భార్య కాన్పులో పోయి ఆరేళ్లయిందనీ, పిల్లలు లేరనీ, వంట తనే చేసుకుంటాడనీ సంఘంలో చేరిన రోజే అందరికీ తెలిసిపోయింది. అడగాల్సినవన్నీ మా ఆడవాళ్లు ఆ రోజే అడిగేశారు.

శనివారం మధ్యాహ్నం ఆయన నిచ్చెన మీద ఉన్నాడు. నేను కింద బల్ల మీద పూలు సర్దుతున్నాను.

"టీచరు గారండీ, ఒక మాట. కోప్పడకండి."

"చెప్పుండ్రి."

"మీకిష్టమైతే నేను మిమ్మల్ని పెళ్లి చేసుకుంటానండి."

నిచ్చెన మీద నుంచి అడిగే మాటేనా అది! "ముందు దిగుండ్రి," అన్నాను.

దిగాడు. చేతుల నిండా గ్రీజు. ఎక్కడ తుడుచుకోవాలో తెలియక రెండు చేతులూ ఒంటికి దూరంగా పట్టుకుని నిలబడ్డాడు.

"ఇసొంటి మాట పెద్దమనుషులతోని అడిగించాలె గదా?"

"నాకు పెద్దమనుషులంటే ఒక్క అక్కేనండి, రాజోలులో ఉంది. ఉత్తరం రాశాను. ముందు ఆవిడ్నే అడుగు, ఆవిడకిష్టం లేనిది నేనొచ్చి ఏం చేస్తాను అంది."

"సంఘంల ఇంతమంది ఉన్నరు. నన్నే ఎందుకు?"

కాస్త ఆలోచించి చెప్పాడు. "ప్రకటనలు చదివేటప్పుడు ఎవరి పేరొచ్చినా మీరు తలెత్తి ఆ మనిషి వచ్చాడా లేదా అని చూస్తారండి. మా ఊళ్లో చదివేవాళ్లెవరూ అలా చూసేవారు కాదు."

ముప్పై మూడేళ్ల వయసులో మొదటిసారి ఒక మనిషి నన్ను గమనించాడని తెలిసింది. ఎంత సంతోషం వేసిందో ఇప్పుడు చెప్పడానికి సిగ్గెందుకు? చేతిలో ఉన్న చామంతులు ఎప్పుడు కింద పడ్డాయో చూసుకోలేదు. వారం రోజులు టైం ఇమ్మన్నాను. ఆయన "నెలైనా ఇస్తానండి" అని మళ్లీ నిచ్చెన ఎక్కాడు.

సాయంత్రం అమ్మతో చెప్పాను. బియ్యంలో రాళ్లు ఏరుతున్న చేయి ఆగిపోయింది.

"నువ్వేమన్నవు?"

"వారం ఆగమన్న."

"కాదని ఎందుకనలే?"

"కాదనాలెనని అనిపియ్యలేదమ్మా."

చాట పక్కన పెట్టింది. "నువ్వు నా బిడ్డవైతే ఇయ్యాల్నే పంపుదును నీలమ్మా. నువ్వు దేవుని దానివి. దేవునికిచ్చింది నేనెట్ల తీసి ఇంకొకరికి ఇయ్యాలె?" అని కొంగు కళ్లకు పెట్టుకుంది.

మర్నాటి నుంచి ఉపవాస ప్రార్థన మొదలుపెట్టింది. నా మనసు స్థిరంగా ఉండాలని అట. ఎంత బతిమాలినా గంజినీళ్లు కూడా ముట్టలేదు. నాలుగో రోజు నేను బడిలో ఉండగానే పొయ్యి దగ్గర తూలిపడింది. పక్కింటి భూలక్ష్మి చూసి, లేపి కూర్చోబెట్టి, నోట్లో చక్కెర నీళ్లు పోసింది. నేను ఉరుక్కుంటూ వచ్చేసరికి మా గడపలోనే కూర్చుని ఉంది.

"ఏమైందే మీ అమ్మకు? గింత పరేషాన్ ఎందుకు?" అంది.

చెప్పాను. భూలక్ష్మి మా మతం కాదు. అంతా విని నా వైపు తిరిగింది.

"మా చిన్నత్తను గిట్లనే దేవతకు ఇడిసిండ్రు. జోగిని అన్నరు. మీరు చదువుకున్నోళ్లు, మీ దాంట్ల గివి ఉండవనుకున్న."

"అది వేరు, ఇది వేరు భూలక్ష్మీ."

"ఏం వేరు? దాన్ని గూడ ఎవ్వరడగలేదు."

నాకు ఒళ్లు మండింది. మా సంఘం ఏమిటి, ఆ మాటేమిటి అనుకున్నాను. వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. నిజం చెప్పిన మనిషి మీద నాకు ఎప్పుడూ అంత కోపమే.

అయ్యగారు, ఆయన భార్య అమ్మగారు కలిసి ఇంటికి వచ్చారు. మా అమ్మే కబురు చేసింది. అయ్యగారు మంచి మనిషి, ఎవరినీ నొప్పించడు. నన్ను కూడా నొప్పించకుండానే చెప్పాడు. "పెళ్లి అందరూ చేసుకుంటారమ్మా. ఒంటరిగా ఉండే కృప అందరికీ దొరకదు. నీకు దొరికింది. ఒక్క మనిషి కోసం దాన్ని పోగొట్టుకుంటావా?" ఆయనకు నలుగురు పిల్లలు. చిన్నవాడు ఆ సమయంలో నా ఒళ్లోనే కూర్చుని నా చేతి గడియారం లాగుతున్నాడు.

అమ్మగారు అసలు సంగతి మీదికి వచ్చింది. "నువ్వు పోతే సండే స్కూలు ఎవరు చూస్తరు నీలమ్మా? క్రిస్మస్ పాటలెవరు నేర్పుతరు?"

అక్టోబరు మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక బుల్లిబాబు గారు ఏదో గోనెపట్టాలో చుట్టి తెచ్చాడు. విప్పితే ఇనుప స్టాండు. షెడ్డులో మిగిలిన ముక్కలతో చేశాడట. పుస్తకం పెట్టే పలక నా ఎత్తుకు సరిగ్గా ఉంది. "పుస్తకం చేత్తో పట్టుకుని చదువుతుంటే మీ చెయ్యి వణుకుతోందండి. ఇక దీనిమీద పెట్టుకోండి," అన్నాడు.

పెళ్లి కుదరదని అప్పుడే చెప్పేశాను. ఇంకాసేపు ఆగితే చెప్పలేనని తెలుసు. చాట సంగతి, మొక్కు సంగతి, అమ్మ ఉపవాసం సంగతి, అన్నీ. ఆయన మధ్యలో ఆపలేదు.

"ఆ మొక్కు మీదా అండి, మీ అమ్మగారిదా?"

"ఎవరిదైతేంది? ఇచ్చింది నన్నే గదా."

"విడిపించుకోవడం అని ఉందన్నారు కదా. ఇప్పుడు చేయకూడదా?"

"ఆ పండుగ నాడే చెయ్యాలె. దాటిపోతే ఇగ లేదు."

ఆయన స్టాండు మీద వేలితో గీతలు గీస్తూ ఆలోచించాడు. "ఇలాంటివి గుడి పుస్తకాల్లో రాసి పెడతారండి. మీ పాత పుస్తకాలు బీరువాలోనే ఉన్నాయి కదా. ఒక్కసారి తీసి చూడకూడదా?"

"అంటే, మా అమ్మ అబద్ధం చెప్పిందంటరా?"

"అయ్యో, నా ఉద్దేశం అది కాదండి."

"మరింకేంది? పుస్తకం చూసి మా అమ్మ మాట నమ్మాల్నా నేను?"

ఆయన తల వంచుకున్నాడు. "తప్పయిపోయిందండి," అని సైకిల్ తీసుకుని వెళ్లిపోయాడు. స్టాండు మాత్రం వదిలి వెళ్లాడు.

ఆ కోపం అమ్మ కోసం వచ్చిందని చాలా రోజులు అనుకున్నాను. కాదు. నాకు భయమేసింది. ముప్పై మూడేళ్లు ఒకరి పక్కన పడుకోని మనిషిని, ఒకరి ఇష్టం కోసం నాకిష్టం లేని కూర వండని మనిషిని. పెళ్లి చేసుకుని అందరిలాంటి ఆడదాన్నయిపోతే సంఘంలో నన్నెవరు పట్టించుకుంటారు? దేవుడి బిడ్డ అని పిలిపించుకోవడం నాకు రుచించింది. మొక్కు అమ్మకెంత అక్కరకొచ్చిందో నాకూ అంతే అక్కరకొచ్చింది. ఇది ఒప్పుకోవడానికి మూడేళ్లు పట్టింది.

ఒంటరితనం వరమని నాకు బోధించిన నోళ్లు నెల తిరక్కుండానే బుల్లిబాబు గారికి సంబంధం చూశాయి. అమ్మగారి పిన్నమ్మ కూతురు రత్నమాల, బాలానగర్‌లో ఒక దవాఖానలో నర్సు, ఇరవై ఆరేళ్లు. పాపం, ఆ పిల్ల మంచిది. ఆ పిల్ల మీద ఏడవడానికి కూడా నాకు ఆధారం దొరకలేదు.

మా గుడిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదవాలి. చదివి ఆగాలి. అడ్డు చెప్పేవాళ్లుంటే చెప్పడానికి మూడు సార్లు ఊపిరి పీల్చేంత టైం ఇవ్వాలి. రాసేది నేనే, చదివేది నేనే. నవంబరు మొదటి ఆదివారం ఆయన చేసిన స్టాండు మీద పుస్తకం పెట్టి ఆయన పెళ్లి ప్రకటన చదివాను. అలవాటు కొద్దీ పేరు రాగానే తలెత్తాను. ఆయన నేల చూస్తున్నాడు. రెండో ఆదివారం తలెత్తలేదు.

మూడో ఆదివారం పంటల పండుగ పడింది.

పొద్దున్నే కొత్తగూడ ఊరి నుంచి బండ్లు వచ్చాయి. సొరకాయలు, గుమ్మడికాయలు, కందులు, కాళ్లు కట్టిన కోళ్లు. ఒక బండిలో ఐలయ్య తాత వచ్చాడు. ఒకప్పుడు సంఘ పెద్ద. మోకాళ్లు పోయాక పండుగలకు తప్ప రావడం మానేశాడు. ఆ ఏడు చాటలో పెట్టడానికి ఒక పసిబిడ్డ ఉంది. నెమ్ము చేసి బతికిన పిల్ల. నేను చాటలో మెత్తటి గుడ్డ పరుస్తుంటే తాత పక్కన మెట్టు మీద కూర్చుని చూస్తున్నాడు.

"వీళ్లు కోడిపెట్టను తెచ్చుకున్నరు తాతా. విడిపించుకుంటరంట," అన్నాను. "నా లెక్క కాదు, అదృష్టవంతురాలు."

"నీ లెక్క కాదంటే?"

"నన్ను విడిపియ్యలేదు గదా."

తాత నా మొహంలోకి చూశాడు. "ఎవరన్నరు? నిన్ను విడిపియ్యకుంటెట్ల? తెల్ల గొర్రెపిల్లనిచ్చిండ్రు. దాన్ని పట్టుకుని నిలబడ్డది నేనే. నా అంగీ మీద పెంటికలేసింది గూడ." నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆపేశాడు. "మీ నాయన అడిగిండు, మూడుసార్లు. గట్టిగ అడిగిండు బిడ్డా, గుడంత ఇనబడేటట్టు. నువ్వు పెండ్లి వద్దన్నవని ఇన్న. నీ ఇష్టంతోటి ఉన్నవనుకున్న."

గంట మోగింది. బుల్లిబాబు గారు బాగుచేసిన గంటే. లోపలికి వెళ్లాలి.

ఆరాధన ఎలా జరిగిందో గుర్తు లేదు. కోడిపెట్ట అరిచింది. "మా బిడ్డను మాకియ్యుండ్రి" అని ఆ తండ్రి మూడుసార్లు అడిగాడు. అయ్యగారు బిడ్డను ఎత్తి ఇచ్చాడు. తర్వాత ప్రకటనలన్నాడు. నేను స్టాండు దగ్గరికి వెళ్లి చదివాను.

"బుల్లిబాబుకును రత్నమాలకును ఈ మందిరమందు వివాహము జరుగనున్నది. ఇది మూడవ ప్రకటన. ఇందుకు న్యాయమైన అడ్డు ఎవరికైనా తెలిసినయెడల ఇప్పుడే చెప్పవలెను."

ఆగాను. మూడు ఊపిరులు అయిపోయాయి. పదయ్యాయి. ఆడవాళ్ల వైపు మొదటి చాప మీద మా అమ్మ కూర్చుని ఉంది. ఆమెనే చూస్తున్నాను. ఐలయ్య తాతతో నేను మాట్లాడటం ఆమె చూసింది. చేతిలో పాటల పుస్తకం ఉంది, చదువు రాదు, అయినా పేజీలు తిప్పుతోంది. నాకు అడ్డు తెలుసు, కానీ అది న్యాయమైనది కాదు. ఆయన నన్నడిగాడు, నేనే కాదన్నాను. రత్నమాల ఏం తప్పు చేసింది?

"అడ్డేమియు లేదు," అని చదివి పుస్తకం మూశాను.

అందరూ భోజనాలకు లేచాక బీరువా తీశాను. నలభై ఆరు నాటి పుస్తకం కింది అరలో ఉంది. వెతకనవసరం కూడా లేకపోయింది, అట్ట మీద సంవత్సరం రాసే ఉంది. మూడో పేజీలో ఊదా సిరాతో మూడు వాక్యాలు. పెంటయ్య, చంద్రమ్మల కుమార్తె నీలమ్మను సమర్పించిరి. గొర్రెపిల్లనిచ్చి విడిపించుకొనిరి. బిడ్డను తల్లి చేతికి ఇచ్చితిమి. కింద రెండు వేలిముద్రలు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

ఇంటికి వచ్చేసరికి అమ్మ గడపలో కూర్చుని ఉంది. పండుగ అన్నం తినకుండానే వచ్చేసినట్టుంది.

"గొర్రెపిల్ల ఎవరిది?" అని అడిగాను.

దాచలేదు. "నాదే. మా తల్లిగారు పెట్టింది. నాకున్నదదొక్కటే," అంది.

"నన్ను అంత ఇష్టపడి విడిపించుకున్నదానివి, మళ్ల ఎందుకు ఇచ్చినవు?"

"నేనెక్కడిచ్చిన? మీ నాయన పోయినంక నీకు పదిహేనేండ్లప్పుడు ఒక సంబంధమొచ్చింది. ఆడు తాగుతడని తెలిసింది. ఏం చెప్పాల్నో తెల్వక, మా పిల్ల దేవునిదని చెప్పిన. మంచిగనే తిరిగిపోయిండ్రు. మళ్లొకటొచ్చింది, అదే చెప్పిన. అప్పటికి కొత్త అయ్యగారొచ్చిండు, ఆయన నమ్మిండు. ఆయన తర్వాతొచ్చినోడు నమ్మిండు. నువ్వు గూడ నమ్మినవు." కొంగు తీసి మొహం తుడుచుకుంది. "నమ్మినంక నువ్వు నా దగ్గర్నే ఉంటివి. ఇద్దరిని మట్టిల పెట్టిన, మొగుణ్ని పెట్టిన. నువ్వు గూడ పోతే ఈ ఇంట్ల నేనెవరితోటి మాట్లాడాలె?"

"బుల్లిబాబు గారు అడిగినప్పుడన్న చెప్పకపోతివి."

"నువ్వు గట్టిగ అడిగితే చెప్పేదాన్నే. నువ్వు అడగలే."

అది నిజం. నేను అడగలేదు. బీరువా తాళంచెవి పన్నెండేళ్లుగా నా కొంగుకే ఉంది. చూడమని ఆయన చెప్పాడు కూడా. అన్నం వండి ఇద్దరికీ పెట్టాను. తిన్నాం.

బుధవారం పెళ్లయింది. బల్ల మీద పూలు నేనే పెట్టాను.

డిసెంబరు మొదటివారంలో స్త్రీల సమాజం మీటింగు. పెళ్లీడు పిల్లలను కూడా పిలిచారు. ఒంటరి జీవితం అనే వరం గురించి నన్ను సాక్ష్యం చెప్పమంది అమ్మగారు. రత్నమాల రెండో వరుసలో కొత్త చీరలో కూర్చుంది. మా అమ్మ ఎప్పటిలాగే మొదటి చాప మీద.

నేను ఆ ఇనుప స్టాండు ముందుకు జరుపుకుని నలభై ఆరు నాటి పుస్తకం పెట్టాను. "నాకు సాక్ష్యం చెప్పరాదు. ప్రకటన చదవడమే వచ్చు. చదువుతా," అన్నాను.

"పెంటయ్య, చంద్రమ్మల కుమార్తె నీలమ్మను సమర్పించిరి. గొర్రెపిల్లనిచ్చి విడిపించుకొనిరి. బిడ్డను తల్లి చేతికి ఇచ్చితిమి." అంతవరకూ పుస్తకంలో ఉంది. మిగిలింది నేనే కలిపాను. "కాబట్టి ఈ నీలమ్మ ఎవరి మొక్కూ కాదు. ఒంటరిగా ఉన్నా, ఉండకపోయినా అది ఆమె ఇష్టం. ఇందుకు న్యాయమైన అడ్డు ఎవరికైనా తెలిసినయెడల ఇప్పుడే చెప్పవలెను."

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను తలెత్తి మా అమ్మను చూశాను. ఈసారి ఆమె పుస్తకం తిప్పడం లేదు, నన్నే చూస్తోంది. మూడు ఊపిరులు కాదు, ఆమెకు కావలసినంత టైం ఇచ్చాను.

ఎవరూ అడ్డు చెప్పలేదు. అడ్డు చెప్పడానికి, నా పేరు పక్కన చదవాల్సిన ఇంకో పేరేదీ అప్పటికి మిగిలి లేదు.